విజిల్ ఊదకముందే: జేమ్స్ నైస్మిత్ జీవితం నేర్పే పాఠం



కొన్నేళ్ల క్రితం ఒక ఎండాకాలం సాయంత్రం, అనంతపురం జిల్లాలో రెండు సంఘాల యౌవనస్థుల మధ్య జరిగిన బాస్కెట్‌బాల్ పోటీ చూడడానికి వెళ్లాము. అది ఒక పాత బడి ఆవరణ. సిమెంటు కోర్టు కాదు, గట్టిపడిన ఎర్రమట్టి నేల. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. వేరుశనగ పంట పోయి తండ్రులు కూలి పనులకు బెంగళూరు వెళ్లిపోగా, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకుంటున్న ఊళ్లు అవి. చూడడానికి సంఘ పెద్దలు, తల్లులు, చిన్నపిల్లలు, ఇద్దరు పాస్టర్లు కూడా వచ్చారు. ప్రార్థనతో ఆట మొదలైంది.

ఆట చివరికి వచ్చింది. రెండు పాయింట్లే తేడా. వెనుకబడిన జట్టులో ఒక పదహారేళ్ల అబ్బాయి బంతి వేయబోతుంటే ఎదుటివాడి చెయ్యి తగిలిందని అనుకున్నాడు. విజిల్ మోగలేదు. బంతి ఎదుటి జట్టు చేతికి పోయింది. ఆ అబ్బాయి ఆట వదిలేసి రిఫరీ మీదికి వెళ్లి అనరాని మాట ఒకటి అన్నాడు. రిఫరీగా ఉన్నది పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు. ఆయన విజిల్ ఊది, ఒక అరచేతిని నిలువుగా, రెండో దాన్ని దానిపైన అడ్డంగా పెట్టి చూపించారు. టెక్నికల్ ఫౌల్ అని దాని అర్థం.

అక్కడ మొదలైంది అసలు గొడవ. దీనికి ఎదుటి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు ఇవ్వాలి, పైగా బంతి కూడా వాళ్లదే అని ఒక పెద్దాయన అన్నారు. ఒక్కటే త్రో అని ఫోనుల్లో అమెరికా ఆటలు చూసే కుర్రాళ్లు అన్నారు. మాటకు శిక్ష ఏమిటి, చెయ్యి తగిలినదానికి కదా విజిల్ ఊదాలి అని మూడోవారు అడిగారు. మాస్టారు ఒకటే త్రో అని తేల్చి, తర్వాత బంతి ఎవరి చేతిలో ఉన్నదో వాళ్లకే ఇచ్చారు. ఆయనకు ఆ సంఘం అంటే పక్షపాతమని వెనకనుంచి ఎవరో అన్నారు. మేమందరం త్రోల లెక్క మీద వాదించుకుంటూ ఉండగానే ఆ అబ్బాయి చొక్కా భుజాన వేసుకొని గేటు దాటి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం ఆరాధనకు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

ఆ సాయంత్రం మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. తప్పు చేసినవానికి శిక్ష ఎంత అనే ప్రశ్న దగ్గరే మేము ఆగిపోయాము. శిక్ష తర్వాత వాడు ఎక్కడికి పోతాడు అనే ప్రశ్న ఎవరికీ తట్టలేదు. ఆ ఆటను పుట్టించిన మనిషి ఈ విషయంలో ఏమి ఆలోచించాడో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాము. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. ఆయన దైవశాస్త్రం చదివిన మనిషి అని, తర్వాత అభిషేకం పొందిన ప్రెస్బిటేరియన్ సేవకుడని మన సంఘాల్లో చాలామందికి తెలియదు. ఆయన జీవితాన్ని ఈ వారం మీ ముందు ఉంచుతున్నాము.

నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో ఆల్మోంట్ అనే ఊరి దగ్గర పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లాండు నుంచి వలస వచ్చినవారు. 1870లో టైఫాయిడ్ జ్వరం ఆ ఇంటిమీద పడింది. కొద్ది వారాల తేడాలో తండ్రీ తల్లీ ఇద్దరూ పోయారు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. మేనమామ పీటర్ యంగ్ పొలంలో, ఆయన కట్టుబాట్ల కింద ఆ పిల్లవాడు పెరిగాడు. పదిహేనేళ్ల వయసులో బడి మానేసి అడవుల్లో చెట్లు కొట్టే పనికి వెళ్లాడు. కొన్నేళ్లు ఆ పని చేశాక, తనకంటే చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గుపడకుండా మళ్లీ బడిలో చేరాడు. సేవకుడు కావాలన్నది ఆయన కోరిక. 1883లో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరి 1888లో పట్టా పొందారు. తర్వాత అదే నగరంలోని ప్రెస్బిటేరియన్ కళాశాలలో దైవశాస్త్రం చదివి 1890లో ముగించారు.

ఆ చదువు రోజుల్లో ఆయన రగ్బీ, ఫుట్‌బాల్ బాగా ఆడేవారు. ఆ కాలపు విశ్వాసుల్లో చాలామందికి ఆటలంటే గిట్టేది కాదు. ఆటస్థలం అపవాది చోటు అనుకునేవారు. వేదాంత విద్యార్థి ముఖానికి గాయాలతో ప్రసంగ వేదిక ఎక్కడం చూసి తోటి విద్యార్థులే తప్పుపట్టారు. అటువంటి రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఒక ఫుట్‌బాల్ ఆటలో ఆయన పక్కన ఆడుతున్న జట్టువాడు కోపం ఆపుకోలేక గట్టిగా బూతుమాట అన్నాడు. వెంటనే నైస్మిత్ వైపు తిరిగి, నువ్వు ఇక్కడున్న సంగతి మర్చిపోయానని చెప్పి క్షమాపణ అడిగాడు. నైస్మిత్ అతణ్ణి గద్దించలేదు, బోధించలేదు. ఎవరినీ మాట తూలవద్దని అంతకుముందు హెచ్చరించనూ లేదు. ఆయన అక్కడ ఉండడమే ఆ మనిషిని ఆపింది.

ఆ క్షమాపణ ఆయనను ఆలోచనలో పడేసింది. ప్రసంగ వేదిక మీదనుంచే కాదు, ఆటస్థలంలోనుంచి కూడా యౌవనస్థుల మనసులను మంచివైపు తిప్పవచ్చని ఆయనకు తోచింది. అందుకే పాస్టరు ఉద్యోగానికి వెళ్లకుండా, 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వై.ఎం.సి.ఏ. నడుపుతున్న శిక్షణ పాఠశాలకు వెళ్లారు. ఇంట్లో ఇది సులువుగా మింగుడుపడలేదు. చాలా ఏళ్ల తర్వాత కూడా తన సోదరి ఆనీని, పరిచర్య విడిచినందుకు తనను క్షమించావా అని ఆయన అడిగితే, ఆమె తల అడ్డంగా ఊపిందట. నాగలి మీద చెయ్యి పెట్టి వెనక్కు తిరిగావన్నదే ఆమె బాధ. లూకా సువార్త 9వ అధ్యాయం చివరి మాట మన పాఠకులకు కొత్త కాదు. మడక పట్టి బతికే మన అనంతపురం రైతులకు ఆ మాట బరువు ఇంకా బాగా తెలుసు. మడక పట్టినవాడు వెనక్కు చూస్తే చాలు వంకర పోతుంది. అయితే నైస్మిత్ మడక వదల్లేదని, ఎవరూ దున్నని చేలోకి దాన్ని తోలుకుపోయారని మేము నమ్ముతున్నాము.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1891 శీతకాలం. బయట మంచు. వేసవిలో, శరదృతువులో మైదానాల్లో ఆడే యువకులకు లోపల కసరత్తులు విసుగు పుట్టించాయి. పద్దెనిమిది మంది ఉన్న ఒక తరగతి ఎవరి మాటా వినకుండా తయారైంది. ఇద్దరు ఉపాధ్యాయులు చేతులెత్తేశారు. శాఖాధిపతి లూథర్ గులిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, లోపల ఆడదగిన కొత్త ఆటను పద్నాలుగు రోజుల్లో కనిపెట్టమన్నారు. ఆయన మొదట ఫుట్‌బాల్‌ను, లక్రాస్‌ను గది లోపలికి తెచ్చి చూశారు. దెబ్బలు తగలడం తప్ప ఏమీ మిగలలేదు.

అప్పుడు ఆయన ఆలోచించిన తీరు మనం గమనించవలసినది. మొరటుతనానికి శిక్ష ఎంత వేయాలని ఆయన మొదట అడగలేదు. మొరటుతనం ఎక్కడ పుడుతోందని అడిగారు. మనుషులు ఎదుటివాణ్ణి కిందపడేసేది వాడు బంతి పట్టుకొని పరుగెత్తుతాడు కాబట్టి. పరుగెత్తడమే లేకపోతే పడేయవలసిన పని లేదు. బంతిని బలంగా కొట్టేది గోలు నేలమీద నిలువుగా ఉంటుంది కాబట్టి. గోలును తలకంటే ఎత్తున, నోరు పైకి పెట్టి ఉంచితే బలం పనికిరాదు, మెత్తగా పైకి విసరాలి. చిన్ననాడు ఆల్మోంట్‌లో ఆడిన రాళ్లాటలో, రాతిమీద పెట్టిన రాయిని కొట్టడానికి గట్టిగా విసిరినవాడికంటే ఒడుపుగా పైకి వేసినవాడే గెలవడం ఆయనకు గుర్తుంది. పెట్టెలు కావాలని పాఠశాల పనిమనిషిని అడిగితే అతను పీచు పండ్ల బుట్టలు రెండు తెచ్చి ఇచ్చాడు. పది అడుగుల ఎత్తున వరండా కమ్మీలకు వాటిని కొట్టారు. 13 నియమాలు రాసి, టైపు చేయించి, గోడమీది పలకకు అంటించారు. 1891 డిసెంబరు 21న తొమ్మిదిమంది చొప్పున రెండు జట్లు ఆడాయి. ఆ ఆటలో పడింది ఒక్కటే గోలు. వచ్చే నెల, 1892 జనవరి 15న, ఆ నియమాలు పాఠశాల పత్రికలో అచ్చయ్యాయి.

ఇక మన ప్రశ్నకు వద్దాము. ఆ 13 నియమాల్లో తప్పు చేసినవాణ్ణి ఏమి చేయాలని ఉంది?

ఆయన ఇద్దరు అధికారులను పెట్టారు. అంపైరు మనుషులకు న్యాయాధిపతి. ఎవరు తప్పు చేశారో చూసి రాసుకోవడం ఆయన పని. రిఫరీ బంతికి న్యాయాధిపతి. బంతి ఎవరిది, గోలు అయిందా లేదా, సమయం ఎంత అన్నది ఆయన చూస్తారు. ఎదుటివాణ్ణి భుజంతో తోయడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం కూడదని అయిదో నియమం చెబుతుంది. మొదటిసారి చేస్తే ఫౌల్ అని లెక్క. రెండోసారి చేస్తే తర్వాతి గోలు పడేదాకా బయట కూర్చోవాలి. గాయపరచాలనే ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే ఆట ముగిసేదాకా బయటే, అతని బదులు ఇంకొకరిని దింపడానికీ వీలులేదు. ఒక జట్టు వరసగా మూడు ఫౌళ్లు చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోలు లెక్క.

ఇందులో మమ్మల్ని ఆపిన మాట ఒకటుంది. రెండోసారి తప్పు చేసినవాడు తర్వాతి గోలు పడేదాకానే బయట ఉంటాడు. గోలు పడగానే లోపలికి రావచ్చు. బయటికి పంపే నియమంలోనే లోపలికి తిరిగి వచ్చే దారిని కూడా ఆయన రాసిపెట్టారు. అయితే ఆయన మెత్తనివాడు కాదు. కావాలని గాయపరచినవానికి ఆ దారి లేదు. పొరపాటున ఆవేశపడినవాణ్ణీ, పగతో కొట్టినవాణ్ణీ ఒకే తాళ్లతో కట్టలేదు.

ఇంకో సంగతి. ఆ 13 నియమాల్లో నోటి మాట గురించి ఒక్క అక్షరం లేదు. రిఫరీని తిడితే ఏమిటని లేదు. పదేపదే ఆట ఆలస్యం చేసే జట్టు మీద ఫౌల్ వేయమని తొమ్మిదో నియమంలో ఉంది. ఒళ్లు తగలకుండా జరిగే తప్పుకు కూడా శిక్ష ఉండాలనే ఆలోచన అప్పుడే మొలకెత్తింది. మాటకు శిక్ష మాత్రం తర్వాతివారు చేర్చారు. ఆట పెరిగేకొద్దీ చేర్చవలసి వచ్చింది. తన తోటి ఆటగాడు బూతుమాట అని తనంతట తానే క్షమాపణ అడిగిన అనుభవం నుంచి పుట్టిన ఆటలో, నోటిని అదుపు చేయడానికి విజిల్ అవసరమైంది. ఆంగ్లంలో జేమ్స్ అన్న పేరు మన బైబిలులో యాకోబు. నాలుక ఎంత చిన్న అవయవమో, అది ఎంత పెద్ద అడవిని తగలబెడుతుందో యాకోబు పత్రిక 3వ అధ్యాయం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఒక ఆట అనేక చేతుల్లో పడితే అనేక నియమాలు పుడతాయి. నైస్మిత్ బతికి ఉండగానే అది జరిగింది. వై.ఎం.సి.ఏ. ఒక పుస్తకం, కాలేజీలు ఇంకో పుస్తకం పట్టుకున్నాయి. స్త్రీల కోసం సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని 1892లోనే వేరే నియమాలు తయారుచేసి, కోర్టును మూడు భాగాలు చేసి, చేతిలోని బంతి లాక్కోవడం నిషేధించారు. 1932లో జెనీవాలో అంతర్జాతీయ సమాఖ్య ఫిబా పుట్టింది. ఈనాటికీ టెక్నికల్ ఫౌల్‌కు అన్నిచోట్లా ఒకే శిక్ష లేదు. ఆ సాయంత్రం మన పెద్దలు వాదించుకున్నది ఇందుకే. నిజానికి ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు.

మన దేశంలో సమాఖ్య పోటీలు ఫిబా నియమాల ప్రకారం జరుగుతాయి. వాటిలో టెక్నికల్ ఫౌల్‌కు ఒక ఫ్రీ త్రో. దాన్ని ఎదుటి జట్టులో ఎవరైనా వేయవచ్చు. తర్వాత బంతి అప్పటిదాకా ఎవరిదో వాళ్లకే పోతుంది. ఆ ఫౌల్ ఆటగాడి అయిదు ఫౌళ్ల లెక్కలో చేరుతుంది. ఒకే ఆటలో రెండు టెక్నికల్ ఫౌళ్లు పడితే ఆ ఆట నుంచి బయటికి పోవాలి. అమెరికాలో డబ్బు తీసుకొని ఆడే ఎన్.బి.ఏ. పోటీల్లో కూడా ఒక త్రోనే. అక్కడ మాత్రం అది పర్సనల్ ఫౌళ్ల లెక్కలోకి రాదు, ఆటగాడి జేబు నుంచి జరిమానా పోతుంది. ఒక సీజనులో పదహారు పడితే ఒక ఆటకు దూరం పెడతారు. అదే దేశంలో హైస్కూలు పిల్లల నియమాలు ఇంకా గట్టివి. రెండు త్రోలు, పైగా బంతి కూడా ఎదుటి జట్టుకే. మన పెద్దాయన ఎక్కడో విన్నది ఆ లెక్కే. పురుషుల కాలేజీ ఆటల్లో తప్పును రెండు తరగతులు చేశారు. దురుసు ప్రవర్తనకు రెండు త్రోలు, చిన్న తప్పుకు ఒకటి.

చూడండి, డబ్బు కోసం ఆడే పెద్దవాళ్లకు శిక్ష జేబులో, బడిపిల్లలకు శిక్ష ఆటలో. ఎదిగే వయసులోనే నోటిని అదుపు చేయడం నేర్పాలని బడి నియమాలు రాసినవారు అనుకున్నట్టుంది.

ఫిబా నియమాల్లో మాకు బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. చాలా సందర్భాల్లో రిఫరీ వెంటనే విజిల్ ఊదడు, ముందు హెచ్చరిస్తాడు. ఆ హెచ్చరిక ఒక్క ఆటగాడికి ఇచ్చినా, దాన్ని కోచ్‌కు కూడా తెలియజేయాలి. అప్పటినుంచి అది జట్టులో అందరికీ వర్తిస్తుంది. అదే తప్పు తర్వాత ఇంకొకడు చేసినా, నాకు చెప్పలేదు అనడానికి వీలులేదు. ఒక అవయవానికి తగిలినది శరీరమంతటికీ తగిలినట్టే అన్న మాట సంఘంలో మనం ఎంత సులువుగా చెబుతామో, ఎంత అరుదుగా పాటిస్తామో ఆలోచించుకోవాలి. ఆ రోజు ఆ అబ్బాయి ఆట మొదటినుంచీ గొణుగుతూనే ఉన్నాడు. మాస్టారు ఒకసారి అతని భుజం తట్టి చెప్పారు కూడా. బయట కూర్చున్న మేము ఆ హెచ్చరికను అందుకోలేదు. పైగా ప్రతి విజిల్‌కూ మేమే ముందు అరిచాము. పెద్దలు బెంచీ మీదనుంచి అరిచినది పిల్లవాడు కోర్టులో పలికాడు.

నైస్మిత్ తర్వాతి జీవితం చెప్పి ముగిస్తాము. 1894లో ఆయన మాడ్ షెర్మన్‌ను వివాహం చేసుకున్నారు. అయిదుగురు పిల్లలు. డెన్వర్‌లో వై.ఎం.సి.ఏ. పని చేస్తూ వైద్యవిద్య చదివి 1898లో డాక్టరయ్యారు. అదే ఏడు కాన్సాస్ విశ్వవిద్యాలయం ఆయనను పిలిచింది. అక్కడ ఆయనకు రెండు పనులు. ఒకటి వ్యాయామ విద్య నేర్పడం, రెండోది విద్యార్థుల ప్రార్థన కూటాలు నడపడం. సోదరి అనుకున్నట్టు ఆయన పరిచర్య వదిలిపెట్టలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 1907 వరకు ఆ విశ్వవిద్యాలయం జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆయన జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడిపోయింది. బాస్కెట్‌బాల్‌లో ఎంతో పేరున్న ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో, గెలిచినవాటికంటే ఓడినవి ఎక్కువ ఉన్న కోచ్ ఆయన ఒక్కరే. ఆ ఆటను కనిపెట్టినవాడే ఆయన! గెలుపు కోసం ఆయన ఆటను కనిపెట్టలేదు. మనుషుల కోసం కనిపెట్టారు.

1916లో ఆయన ప్రెస్బిటేరియన్ సేవకుడిగా అభిషేకం పొందారు. అప్పటికి వయసు 54 ఏళ్లు. ఆ ఏడు కాన్సాస్ దళానికి చాప్లెయిన్‌గా మెక్సికో సరిహద్దుకు వెళ్లారు. మొదటి ప్రపంచయుద్ధంలో 1917 నుంచి 1919 వరకు ఫ్రాన్స్‌లో సైనికుల మధ్య వై.ఎం.సి.ఏ. సేవ చేశారు. ఇంటికి దూరంగా, చావుకు దగ్గరగా ఉన్న కుర్రాళ్ల మధ్య ఆయన చేసిన పని అదే. వాళ్ల పక్కన ఉండడం, వాళ్లు దారితప్పకుండా చూడడం.

1930లలో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సాస్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య చదవడానికి వచ్చాడు. నల్లజాతివారిని విశ్వవిద్యాలయం జట్టులో ఆడనివ్వని కాలం అది. ముసలి నైస్మిత్ అతనికి సలహాదారుగా నిలబడి, చదువు సాగేలా, కోచ్‌గా పని నేర్చుకునేలా చూశారు. ఆ మెక్‌లెండన్ తర్వాత అమెరికాలో గొప్ప కోచ్‌లలో ఒకరయ్యాడు. బయట నిలబెట్టినవాణ్ణి లోపలికి తెచ్చే దారి చూడడం నైస్మిత్‌కు నియమాల పుస్తకంతో ఆగిపోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను మొదటిసారి పతకాల ఆటగా చేర్చారు. ఆయన ప్రయాణానికి అమెరికాలో కోచ్‌లు, ఆటల అభిమానులు చందాలు పోగుచేశారు. మట్టి కోర్టులో, వానలో, బురదలో చివరి ఆట జరిగింది. అమెరికా 19, కెనడా 8. తాను పుట్టిన దేశానికీ, తాను స్థిరపడిన దేశానికీ పతకాలు అందించే భాగ్యం ఆయనకు దక్కింది. తన ఆట నుంచి ఆయన డబ్బు సంపాదించుకోలేదు. 1939 నవంబరు 28న కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో, 78 ఏళ్ల వయసులో ప్రభువునందు నిద్రించారు. ఆయన టైపు చేయించిన ఆ రెండు కాగితాలు 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఆయన బతికినంతకాలం వాటి విలువ ఇంకో లెక్కలో చూసుకున్నారు.

ఆ ఆట మన దగ్గరికి కూడా అదే దారిలో వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన దగ్గర ఆడిన డంకన్ ప్యాటన్ 1894లో దాన్ని భారతదేశానికి తెచ్చారని చెబుతారు. అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. అనంతపురం అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేది. డ్రిల్లు మాస్టారు అనే మాట మన పల్లెబడుల్లో వినబడడం మొదలైన కాలం అది. స్ప్రింగ్‌ఫీల్డ్ మంచు నుంచి మన ఎర్రమట్టి దాకా ఆ విజిల్ చేతులు మారుతూ వచ్చింది.

చివరగా ఆ అబ్బాయి మాట. గేటు దాటి వెళ్లినవాణ్ణి వెతుక్కుంటూ మాలో ఒక్కరమూ వెళ్లలేదు. ఇది మేము సిగ్గుతో ఒప్పుకోవలసిన సంగతి. వెళ్లినది డ్రిల్లు మాస్టారు. ఎవరినైతే ఆ అబ్బాయి తిట్టాడో ఆయనే. అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, వచ్చే పోటీకి స్కోరు పుస్తకం రాయడానికి నమ్మకమైన మనిషి కావాలని మాత్రం అడిగి వచ్చారట. తాను వేసిన ఫౌల్ తప్పని ఆయన అనలేదు. దాన్ని కొట్టివేస్తానని కూడా అనలేదు. తర్వాతి ఏడు బల్ల దగ్గర కూర్చొని రెండు జట్ల ఫౌళ్లూ ఒక్కటి పొల్లుపోకుండా రాసినది ఆ అబ్బాయే. ఆ ఆదివారం ఆరాధనలో వెనుక వరసలో అతను కనిపించాడు.

ప్రియులారా, మన సంఘాల్లో కూడా విజిల్ ఊదవలసిన సమయాలు వస్తాయి. క్రమశిక్షణ లేని సంఘం గట్టులేని చెరువు. వచ్చిన నాలుగు చినుకులూ నిలవవు. తప్పును తప్పు అనడానికి భయపడవద్దు. అయితే ఎన్ని త్రోలు అనే లెక్క తేల్చుకున్న తర్వాత, గేటు వైపు ఒకసారి చూడండి. ఎవరైనా వెళ్లిపోతున్నారేమో. వెళ్లినవారికి తిరిగి వచ్చే దారి మన నియమాల్లో రాసి ఉందేమో. లేకపోతే ఈ వారమే సంఘ పెద్దలు కూర్చొని ఆ దారి ఏర్పాటు చేయాలి. అంతకంటే ముందు, ఒకరి ఇంటికి వెళ్లి రావాలి.

దేవుడు మిమ్మును దీవించును గాక.